టేపు దాటిన అంగుళం

అతని కుడి బొటనవేలి గోటి చుట్టూ ఎప్పుడూ ఒక తెల్లటి గీత ఉండేది. సుద్ద. ఎంత కడిగినా పోయేది కాదు.

ఇరవై ఎనిమిదేళ్ళుగా అతను ఒక మూడంతస్తుల భవనం మెట్ల కింద దర్జీ పని చేస్తున్నాడు. మెట్ల వాలు కింద నిలబడాలంటే తల కుడిపక్కకు వంచాలి. వీధిలో నడిచేటప్పుడు కూడా తల అటే వంగి ఉండేది. కొత్తవాళ్ళు చూసి, ఈయన ఏదో వింటున్నాడేమో అనుకునేవాళ్ళు.

అందరూ అతన్ని అంగుళం మాస్టరు అని పిలిచేవాళ్ళు. ఆ పేరు అతను తెచ్చుకున్నదే. చొక్కా బిగుతైందని ఎవరైనా వస్తే మెడలోంచి టేపు తీసి, "ఎక్కడ? ఎంత?" అని అడిగేవాడు. "అంగుళం తేడా వచ్చిందంటే కూలి వెనక్కిస్తా" అనేవాడు. కొలిచేవాడు. తేడా వచ్చేది కాదు. "చొక్కా అక్కడే ఉంది బాబూ, మీరే ముందుకొచ్చారు" అని పొట్ట వైపు చూసేవాడు.

భార్య కాజాలు తీసేది, గుండీలు కుట్టేది. ఇద్దరికీ పిల్లలు లేరు. పెళ్ళయిన పందొమ్మిదేళ్ళలో ఆరు అద్దె గదులు మారారు. ఆరింటిలోనూ ఇంటి యజమానులు గోడకు మేకు కొట్టనివ్వలేదు. పెళ్ళికి ఎవరో ఇచ్చిన గోడ గడియారం ట్రంకుపెట్టె మీద వెల్లకిలా పడుకుని నడిచేది. టైము చూడాలంటే వంగాలి.

"రోజుకు పదిసార్లు దీన్ని ఆస్పత్రిలో చూసినట్టు చూస్తున్నా" అనేది భార్య.

ఊరి చివర వాళ్ళకు చిన్న స్థలం ఉంది. చాలా ఏళ్ళ క్రితం కొన్నది. చుట్టూ నాలుగు రాళ్ళు పాతి వచ్చారు. తర్వాత ఆ రాళ్ళను చూసి రావడం తప్ప ఏమీ చెయ్యలేదు. అలాంటప్పుడు ప్రభుత్వం ఒక సాయం ప్రకటించింది. సొంత ఇల్లంటూ లేనివాళ్ళు మొదటిసారి కొత్తగా ఇల్లు కట్టుకుంటే మూడు విడతలుగా డబ్బిస్తారు. పునాది అయ్యాక ఒకటి, గోడలు కిటికీల పైదాకా లేచాక ఒకటి, స్లాబు పడ్డాక ఒకటి.

దరఖాస్తు తెచ్చింది భార్య. నింపింది భార్య. హౌసింగ్ ఆఫీసు బయట రెండు పూటలు నిలబడింది భార్య. అతను చదివాడు. నాలుగు పేజీలు. బట్ట మీద మరక వెతికినట్టు వెతుక్కుంటూ చదివాడు.

ఇల్లు గోడ బయటి అంచు నుంచి గోడ బయటి అంచుకు ఐదు వందల చదరపు అడుగులు మించకూడదు. మించితే సాయం రద్దు. ఇచ్చిన విడతలు వడ్డీతో వెనక్కి కట్టాలి. కింద చివరి వాక్యం: ఈ సాయం ఒక మనిషికి జీవితంలో ఒక్కసారే. రద్దయినా మళ్ళీ ఇవ్వరు.

"ఒక్కసారే అట" అన్నాడు.

"మనకెన్ని ఇళ్ళు కావాలేంటి?" అంది భార్య.

అతను ఆ పేజీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి జేబు బరువుగా ఉండేది.

*

పునాది గీతలు గీసే రోజున మేస్త్రీ తెచ్చిన ఇనుప టేపు ఎనిమిదో అడుగు దగ్గర తెగిపోయింది. మేస్త్రీ పెద్దవాడు. నలభై ఏళ్ళుగా ఇళ్ళు కడుతున్నాడు, తను మాత్రం రేకుల షెడ్డులో ఉంటాడు. తెగిన ముక్క చేతిలో పట్టుకుని దాన్ని తిట్టి, మాస్టరు మెడవైపు చూశాడు.

"అదుగో, మీ మెడలో వేలాడుతోంది కదా. మీరే కొలవండి మాస్టరూ. మీరు కొలిచాక నేను మళ్ళీ కొలిస్తే జనం నవ్వుతారు."

మాస్టరుకు ఆ మాట బాగుంది. ప్లాను కాగితంలో పొడవు ఇరవై ఐదు అడుగులు, వెడల్పు ఇరవై. అతని టేపు ఐదడుగులది. నేల మీద పరిచాడు. చివర సున్నంతో గుర్తు పెట్టాడు. మళ్ళీ అక్కడి నుంచి పరిచాడు. పొడవు ఐదుసార్లు, వెడల్పు నాలుగుసార్లు. భార్య తాడు పట్టుకుంది. మేస్త్రీ తాడు వెంట సున్నం పొడి పోశాడు. మూలలు చక్కగా వచ్చాయి. అటు మూల నుంచి ఇటు మూలకు తాడు లాగి చూశారు, రెండు వైపులా ఒకేలా ఉంది.

భార్య గీత దాటి లోపలికి వెళ్ళి, మళ్ళీ బయటికి వచ్చి, ఈసారి తలుపు ఉండాల్సిన చోట నుంచి వెళ్ళింది.

"ఇది వంటగది. ఇక్కడ నా పొయ్యి."

అతను వీధి వైపు కుడి మూలకు వెళ్ళి నిలబడ్డాడు. అక్కడ కిటికీ. మొదట కిటికీకి కుడి భుజం ఆనేలా మిషను అనుకున్నాడు. వెలుతురు ఎడమ నుంచి పడాలి కాబట్టి మిషనును తిప్పి చూసుకున్నాడు. లేని మిషను ముందు, లేని స్టూలు మీద, కొంచెం కుంగి కూర్చున్నట్టు నిలబడ్డాడు. తల నిటారుగా ఉంది. పైన మెట్లు లేవు.

"మాస్టరూ, అప్పుడే కుట్టడం మొదలుపెట్టారా?" అన్నాడు మేస్త్రీ.

పునాది లేచింది. మొదటి విడత వచ్చింది. గోడలు లేచాయి. ఫొటో తియ్యడానికి వచ్చిన ఆఫీసు మనిషి అతన్ని గోడ ముందు నిలబెట్టి, "తల నిటారుగా పెట్టండి" అన్నాడు. పెట్టాడు. ఫొటోలో ఎవరిదో తలలా వచ్చింది.

*

అది ఒక మామూలు పగలు. దుకాణంలో ఒకావిడ స్టూలు మీద కూర్చుని తన జాకెట్టు గుడ్డ కత్తిరించడం చూస్తోంది. అతను బల్ల మీద గుడ్డ పరిచి, టేపు పెట్టి, సుద్దతో గీత గీశాడు.

"ఏవండీ మాస్టరు గారూ, టేపు ఇక్కడ అయిపోతే గీత అక్కడ గీశారేం?"

"కుట్టుకు వదలాలి కదమ్మా. అంగుళం బయటికి గియ్యకపోతే కుట్టులో పోతుంది, బిగుతైపోతుంది."

"ప్రతిసారీ వదులుతారా?"

"ప్రతి ముక్కకూ వదలాలి. చెయ్యి దానంతట అదే వెళ్ళిపోతుంది. నేను చూడను కూడా."

ఆ మాట అన్నాక అతను తన చేతిని చూశాడు. సుద్దముక్క టేపు చివర నుంచి అంగుళం అవతల ఆగి ఉంది. బొటనవేలు తెల్లగా ఉంది.

చూస్తూ ఉండిపోయాడు. ఎక్కడో దూరంగా నీళ్ళు కారుతున్న చప్పుడు. అది తన చెవుల్లోనే.

"ఏమైందండీ? తప్పు గీశారా?"

"లేదమ్మా. సరిగ్గానే గీశాను."

కత్తెర బల్ల మీద పెట్టాడు. మంచినీళ్ళు తాగాడు. నేల మీద టేపు పరిచిన ఆ రోజు గుర్తు తెచ్చుకోవడానికి చూశాడు. టేపు పరిచాడు. చివర సున్నంతో గుర్తు పెట్టాడు. చివరనే పెట్టాడా? చెయ్యి ఎక్కడుంది? చెయ్యి గుర్తు రావడం లేదు. తాడు గుర్తొస్తోంది, భార్య చీర కుచ్చిళ్ళకు అంటిన సున్నం గుర్తొస్తోంది. చెయ్యి మాత్రం లేదు.

ఆవిడను రేపు రమ్మని పంపించి తలుపు మూశాడు. హార్డ్‌వేర్ కొట్టులో కొత్త ఇనుప టేపు కొన్నాడు. కొట్టువాడు నవ్వాడు. "ఏం మాస్టరూ, ఇనప చొక్కాలు కుడుతున్నారా?"

కట్టుబడి దగ్గర ఎవరూ లేరు. గోడలు కిటికీల పైదాకా ఉన్నాయి. టేపు కొక్కేన్ని మూల ఇటుకకు తగిలించి లాగుకుంటూ వెళ్ళాడు. గోడ పక్కన నడుస్తుంటే ఇటుకల లెక్క పెట్టాడు, టేపు చూడకుండా ఉండటానికి. చివరికి చూడాల్సి వచ్చింది.

ఇరవై ఐదు అడుగుల ఐదంగుళాలు.

వెడల్పు ఇరవై అడుగుల నాలుగంగుళాలు.

ఐదుసార్లకు ఐదంగుళాలు. నాలుగుసార్లకు నాలుగు. ఒక్కసారి కూడా చెయ్యి మరిచిపోలేదు.

ఇటుక మీద బొగ్గుతో గుణించాడు. ఐదు వందల పదహారు దాటింది. పదిహేడు కావడానికి కొంచెం తక్కువ. ఆ అంకెను అరచేత్తో చెరిపేశాడు. చెయ్యి నల్లగా అయింది, బొటనవేలి చుట్టూ తెలుపు అలాగే ఉంది. ఇంజినీరు కొలతలకు వచ్చేది నాలుగు రోజుల్లో.

*

ఇంటికి వెళ్ళి ఏమీ చెప్పలేదు. అన్నం తిన్నట్టు చేశాడు. భార్య కాజా కుడుతూ, "కిటికీ తెరలకు పసుపు గుడ్డ తీసుకుందామా, నీలం తీసుకుందామా?" అని అడిగింది.

"నీలం."

"నిన్న పసుపన్నారు."

"అయితే పసుపు."

ఆవిడ సూది ఆపి చూసింది. అతను గడియారం మీదకు వంగాడు. టైము కనపడలేదు. ముల్లు కదలడమే కనపడింది.

మర్నాడు దుకాణంలో ఒక చొక్కాకు రెండు కుడిచేతులు కుట్టాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో మొదటిసారి. వీధిలో ఏ స్కూటరు ఆగినా హౌసింగ్ ఆఫీసు మనిషేననిపించింది. పొద్దుటి పోస్టుమాను మెట్ల వైపు తిరిగితే బల్ల కింద ఏదో వెతుకుతున్నట్టు వంగాడు. పోస్టుమాను పై అంతస్తుకు వెళ్ళిపోయాక కూడా కాసేపు కిందే ఉండిపోయాడు. అక్కడ గుడ్డపీలికలు, దారాలు, ఎప్పుడో జారిన ఒక గుండీ. ఇక్కడే ఉండిపోవచ్చు అనిపించింది.

వచ్చిన మొదటి విడత డబ్బు ఇప్పుడు భూమిలో రాళ్ళై ఉంది. తవ్వి తీసి ఎవరికీ ఇవ్వలేడు. ఇల్లు సగంలో ఆగిపోతుంది. పేరు ఆఫీసు పుస్తకంలో ఎక్కిపోయింది. ఒక్కసారే.

మూడో రోజున మేస్త్రీకి చెప్పాడు. మేస్త్రీ మొదట నమ్మలేదు. మాస్టరు కొన్న ఇనుప టేపుతో తనే కొలిచాడు. ఇటుకల కుప్ప మీద కూలబడ్డాడు.

"నలభై ఏళ్ళు మాస్టరూ. కొలవకుండా పని మొదలుపెట్టింది ఒక్క మీ దగ్గరే."

"నా తప్పు."

"మీ తప్పే. నా తప్పు కూడా. ఇద్దరం ముసలి వెధవలం." కాసేపటికి గొంతు తగ్గించాడు. "ఒక మాట చెప్తా వినండి. రేపు ఇంజినీరు మేడమ్ ఒక్కతే వస్తుంది. టేపు ఒక చివర ఆవిడ పట్టుకుంటుంది. రెండో చివర మనలో ఒకరం పట్టుకోవాలి. మూల మీద కాకుండా ఐదంగుళాలు లోపలికి పట్టుకుంటే ఆవిడకెలా తెలుస్తుంది? ఆవిడ అంకె చూసుకుంటుంది. మన వేలు చూడదు."

"నువ్వు పట్టుకో మేస్త్రీ."

"నేనా? నన్ను దగ్గరకు రానివ్వదు. మేస్త్రీల సంగతి వాళ్ళకు తెలుసు. ఇంటాయన్నే పట్టుకోమంటుంది."

ఆ మధ్యాహ్నమంతా అతను దుకాణంలో కటింగు బల్ల అంచున టేపు పట్టుకుని అభ్యాసం చేశాడు. బల్ల చివర నుంచి ఐదంగుళాలు లోపలికి. వెనక్కి తిరిగి ఏదో చూస్తున్నట్టు భుజం అడ్డం పెట్టి. అలా పట్టుకోవడం కష్టమేమీ కాదు. పట్టుకున్న ప్రతిసారీ మాత్రం వీధి వైపు చూసేవాడు.

*

ఇంజినీరు పొద్దున పదింటికి వచ్చింది. ముప్ఫై దాటని మనిషి. చెప్పులకు మట్టి, చేతిలో కాగితాల అట్ట. ఇంకా నాలుగు ఇళ్ళు చూడాలంది. టేపు తీసి కొక్కెం వైపు అతనికిచ్చింది.

"ఆ మూలకు పట్టుకోండి బాబాయి గారూ."

అతను వెళ్ళాడు. మేస్త్రీ ఇసుక జల్లిస్తున్నట్టు నటిస్తూ ఓరకంట చూస్తున్నాడు. ఇంజినీరు అవతలి మూలకు చేరింది. టేపు బిగుసుకుంది. ఇటుకల మీద అతని వేళ్ళు. ఐదంగుళాలు లోపల ఒక ఇటుక మీద చిన్న పగులు ఉంది, నిన్ననే చూసి పెట్టుకున్నాడు. అక్కడే పెట్టాలి.

చెమట కంట్లోకి దిగింది. కళ్ళు మూసుకున్నాడు.

తెరిచేసరికి కొక్కెం గోడ మూల మీద ఉంది. సరిగ్గా అంచున. బొటనవేలు దాన్ని నొక్కిపట్టి ఉంది. అంత భయంలో చెయ్యి తనకు తెలిసిన పనే చేసింది.

మేస్త్రీ జల్లెడ కింద పడేశాడు.

"ఇరవై ఐదు అడుగుల ఐదంగుళాలు" అంది ఇంజినీరు. కాగితం చూసింది. మళ్ళీ టేపు చూసింది. రెండో వైపుకు నడిచింది. అతనూ నడిచాడు. అక్కడా మూల మీదే పట్టుకున్నాడు. ఇంక వేరేగా పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు.

"పునాది ముగ్గుకు కొలతలు ఎవరు పెట్టారు?"

మేస్త్రీ ఆకాశం వైపు చూశాడు.

"నేనే మేడమ్."

"మీరేం పని చేస్తారు?"

"దర్జీని."

చెప్పాడు. టేపు చివర, అంగుళం, చెయ్యి. ఆవిడ నవ్వుతుందేమో అనుకున్నాడు. నవ్వలేదు. అట్ట మీద ఏదో వేసి చూసుకుంది.

"పొడవు ఎన్నిసార్లు పరిచారు?"

"ఐదుసార్లు."

"ఇటు నాలుగు."

"నాలుగు."

"లెక్క సరిపోయింది" అంది. "మీ తప్పులో కూడా తప్పు లేదు."

అతను జేబులోంచి నాలుగో పేజీ తీశాడు. మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. ఆవిడ దాన్ని విప్పి, చివరి వాక్యానికి పైన, చిన్న అక్షరాల్లో, అతని కళ్ళు దాటేసిన ఒక వరుస చూపించింది.

"ఇది చదవలేదా? స్లాబు పడేలోపు సరిచేసుకోవడానికి మూడు వారాలు గడువు. ఇవాళ నేను కొలతలు సరిపోలేదని రాస్తాను. మూడు వారాలకు మళ్ళీ వస్తాను. అప్పుడు ఎంత ఉంటే అంత రాస్తాను. ఐదు వందలు దాటితే దాటిందనే రాస్తాను. నామీద కోపం పెట్టుకోకూడదు."

"సరిచెయ్యడమంటే?"

"తగ్గించాలి బాబాయి గారూ. ఎలాగో మీ ఇష్టం."

*

భార్యకు చెప్పక తప్పలేదు, మేస్త్రీ ఉపాయంతో సహా. ఆవిడ చేతిలో ఉన్న చొక్కా కింద పెట్టింది.

"నాలుగు రోజులు కడుపులో పెట్టుకున్నారా?"

"భయమేసింది."

"నాకు చెప్పడానికా?"

"చెప్తే నిజమైపోతుందని."

ఆవిడ సూదిని దారపు ఉండకు గుచ్చింది. తర్వాత, "మీరు ఆ టేపు సరిగ్గా ఎందుకు పట్టుకున్నారు?" అని అడిగింది. గొంతులో కోపం ఉందో లేదో తెలియలేదు.

"తెలీదు."

"పోనీలెండి. లోపలికి పట్టుకుని ఉంటే మీరు ఆ ఇంట్లో ఒక్క రోజు పడుకునేవాళ్ళు కాదు. నన్నూ పడుకోనిచ్చేవాళ్ళు కాదు."

మేస్త్రీ చెప్పిన ఉపాయం, వెనక గోడ మొత్తం తీసి పదంగుళాలు లోపలికి కట్టడం. ఇరవై అడుగుల గోడ. కింద పునాది కొత్తగా తవ్వాలి. మూడు వారాల్లో కాదు. ఇటుక సగం పగిలిపోతుంది, కొత్తది కొనాలి.

అతను ఖాకీ కాగితం మీద ఇంటి బొమ్మ గీశాడు. అడుగుకు అర అంగుళం. కత్తిరించి నేల మీద పెట్టాడు. భార్యాభర్తలిద్దరూ దాని చుట్టూ కూర్చున్నారు. కాసేపు చూసేసరికి అది వాళ్ళకు ఇల్లులా కనిపించడం మానేసింది. గుడ్డముక్కలా కనిపించింది. వీపు ముక్క.

"ఇంత వెడల్పు గుడ్డను మీరు ఒక పక్క పొడుగునా కోస్తారా?" అంది ఆవిడ.

"కొయ్యను." కత్తెర తీసుకున్నాడు. "చంక తీస్తాను."

చొక్కా చెయ్యి అతికే చోట మూలను లోపలికి కోసినట్టు, ఇంటికి ఒక మూల కోసెయ్యడం. ఐదడుగులు ఇటు, నాలుగడుగులు అటు. ఇరవై చదరపు అడుగులు పోతాయి. కొత్తగా కట్టాల్సింది తొమ్మిదడుగుల గోడ.

ఏ మూల? ఇల్లన్నాక నాలుగే మూలలు. వెనక ఎడమది వంటగది. భార్య దాని మీద అరచెయ్యి పెట్టింది. వెనక కుడిది స్నానాల గది, దాని కింద అప్పటికే గొట్టాలు వేశారు. ముందు ఎడమది వీధి తలుపు.

ఇద్దరూ నాలుగో మూల వైపు చూడలేదు. తర్వాత అతను కాగితాన్ని తిప్పి, ముందు కుడి మూలకు కత్తెర పెట్టాడు. కోశాడు. ఐదు, నాలుగు. చిన్న ముక్క నేల మీద పడింది. అందులో కిటికీ ఉంది, మిషను ఉంది, ఎడమ నుంచి పడే వెలుతురు ఉంది.

భార్య ఆ ముక్కను తీసి రవికలో దోపుకుంది.

"చంకా?" అన్నాడు మేస్త్రీ మర్నాడు. బొమ్మను అటూ ఇటూ తిప్పాడు. "నా జన్మలో ఇంటికి చంక తియ్యలేదు. కొలత మాత్రం నేను పెడతా. ఇంచీ అటూ ఇటూ అయితే ఈసారి మార్జిను లోపలికి వదులుదాం."

*

గోడ విప్పింది అతనే. కూలీలు సుత్తితో కొడతామంటే వద్దన్నాడు. ఉలి పెట్టి, ఒక్కో వరుసా, కుట్టు విప్పినట్టు. ఒక ఇటుక ఊడదీసి, సిమెంటు గీకి, పక్కన పేర్చి, రెండోది. పొద్దున దుకాణం, మధ్యాహ్నం గోడ. భార్య ఇటుకలు మోసింది. దుకాణంలో చొక్కాలు ఆలస్యమయ్యాయి. అడిగినవాళ్ళకు "ఇల్లు విప్పుతున్నాం" అని చెప్పింది. ఎవరికీ అర్థం కాలేదు.

నాలుగో రోజున పక్క గోడలో వెంట్రుకలాంటి పగులు వచ్చింది. కింద నుంచి తలుపు పైదాకా. మొదట చూసింది అతనే. ఉలి కింద పెట్టి దూరంగా జరిగాడు. గోడ మీదకు గట్టిగా ఊపిరి వదలడానికి కూడా భయపడ్డాడు.

మేస్త్రీ వచ్చి చూసి, మైదాపిండి జిగురుతో పగులుకు అడ్డంగా మూడు కాగితం పట్టీలు అంటించాడు. "కాగితం చిరిగితే గోడ నడుస్తోందని. చిరక్కపోతే నిలబడిందని. మూడు రోజులు ఉలి ముట్టకండి."

మూడు రోజులూ అతను పొద్దున్నే వెళ్ళాడు. దుకాణానికి వెళ్ళే దారి అది కాదు. మొదట నేల చూసేవాడు, రాలిన పొడి ఉందేమోనని. తర్వాత కింది పట్టీ. తర్వాత మధ్యది. పైదాన్ని చూసే ముందు కాసేపు వీధి వైపు తిరిగి నిలబడేవాడు. మూడోరోజు పై పట్టీ అంచు లేచి ఉంది. గోడకు చెయ్యి ఆనించబోయి, ఆనించకుండా, అలాగే కింద కూర్చున్నాడు.

మేస్త్రీ వచ్చి గోటితో తట్టాడు. "జిగురు ఎండింది. అంతే. లేవండి."

కొత్త గోడలు లేచాయి. ఇంటి ముందు కుడి మూలలో ఇల్లు లోపలికి తిరిగింది. బయట ఒక ఖాళీ మిగిలింది, రెండు పక్కల గోడలు, రెండు పక్కల గాలి.

గడువు చివరి రోజున ఇంజినీరు వచ్చింది. టేపు అందించబోతే అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. భార్య పట్టుకుంది. అతను వీధిలో కరెంటు స్తంభం దగ్గర నిలబడి ఇటు చూడలేదు. అంకెలు మాత్రం వినిపించాయి. ఆవిడ మూలను విడిగా కొలిచింది. కూర్చుని లెక్క వేసింది. పెన్ను ఆగింది. మళ్ళీ మొదటి నుంచి వేసింది. ఆ కాస్త సేపట్లో అతను స్తంభానికి ఉన్న బోల్టులు లెక్కపెట్టాడు, పదకొండు, మళ్ళీ పదకొండు.

"నాలుగు వందల తొంభై ఆరు పాయింటు ఎనిమిది" అంది. "సంతకం పెట్టండి."

అతను వచ్చాడు. పెన్ను పట్టుకున్నాడు. పెట్టలేదు.

"మళ్ళీ ఒక్కసారి కొలుస్తారా మేడమ్?"

"ఇంకోసారి కొలిస్తే ఇల్లు సిగ్గుపడుతుంది మాస్టరూ" అన్నాడు మేస్త్రీ. "పెట్టండి సంతకం."

పెట్టాడు. అక్షరాలు వంకరగా వచ్చాయి.

*

వానాకాలానికి ముందు చేరారు. మొదటి మేకు భార్య కొట్టింది. గడియారం తగిలించింది. పందొమ్మిదేళ్ళు వెల్లకిలా నడిచిన గడియారం నిలబెట్టేసరికి ఆగిపోయింది. దింపి పడుకోబెడితే నడిచింది.

"అలవాటు" అంది ఆవిడ. మళ్ళీ ట్రంకుపెట్టె మీదే పెట్టింది. మేకుకు అతని టేపు వేలాడదీసింది.

మెట్ల కింద దుకాణం అలాగే ఉంది. ఇంటి దగ్గర పనికి లోపల చోటు లేదు కాబట్టి మిషను ఆ బయటి మూలలో పెట్టుకున్నాడు. వెలుతురు ఎడమ నుంచే పడుతుంది, కావలసినదాని కన్నా ఎక్కువే. ఎండకు పైన ఒక నీలం గుడ్డ కట్టాడు, నాలుగు మూలలకూ తాళ్ళతో. కట్టిన రోజునే హౌసింగ్ ఆఫీసుకు వెళ్ళి, వరుసలో నిలబడి, ఇంజినీరును అడిగాడు.

"గుడ్డ కూడా పైకప్పు కిందికి వస్తుందా మేడమ్?"

ఆవిడ ఈసారి నవ్వింది. "రూల్సులో గుడ్డ మాట లేదు బాబాయి గారూ."

అయినా సాయంత్రం కాగానే తాళ్ళు విప్పి, గుడ్డ మడిచి లోపల పెడతాడు. రేపు రూల్సులో రాయరని ఎవరు చెప్పగలరు? మూడో విడత కూడా వచ్చేసింది. అయినా మడుస్తాడు. పక్కింటాయన చూసి, "రోజూ ఇల్లు విప్పి కుడుతున్నారేంటండీ?" అంటాడు.

పగలు ఆ మూలలో కూర్చుని కోస్తాడు. చొక్కా గుడ్డ పరుస్తాడు, టేపు పెడతాడు. సుద్ద పట్టుకున్న చెయ్యి టేపు చివర దాకా వచ్చి ఆగుతుంది. అతను దాన్ని చూస్తాడు. గుడ్డే కదా అని చెప్పుకుంటాడు. అప్పుడు చెయ్యి అంగుళం బయటికి జరుగుతుంది.